కేస్ షీటు రాసిన చెయ్యి

ఆస్పత్రి రికార్డులు కంప్యూటర్‌కి చదివించి, ఏ రోగికి ప్రమాదం దగ్గరపడుతోందో ముందే చెప్పించడం నా వృత్తి. పెళ్లిళ్లలో కనిపించిన పెద్దవాళ్లు ‘మా ఆయనకి గుండెజబ్బు వస్తుందేమో చూసి చెప్పు నాయనా’ అంటూ చెయ్యి చాపినంత పని చేస్తారు. నేను చూసేది గుండెని కాదని వాళ్లకెలా చెప్పను? నా ముందుకొచ్చేది కాగితం. దాన్ని ఎవరో ఒకరు, ఏదో ఒక అవసరానికి, ఏదో ఒక హడావుడిలో రాసి ఉంటారు. ఈ పనిలో ఇన్నేళ్లుగా నేర్చుకున్నది చెప్పమంటే ఇదే చెబుతాను: అంకెని నమ్మేముందు దాన్ని రాసిన చెయ్యి ఎవరిదో కనుక్కోవాలి.

మా రంగంలో అందరూ చెప్పుకునే కథ పిట్స్‌బర్గ్‌ది. 1990ల నడుమ అక్కడి పరిశోధకులు, నిమోనియాతో వచ్చినవాళ్లలో ఎవరిని చేర్చుకోవాలి, ఎవరికి మందులిచ్చి ఇంటికి పంపవచ్చు అని తేల్చడానికి రకరకాల మోడళ్లు కట్టి పోటీ పెట్టారు. అంచనాలో న్యూరల్ నెట్‌వర్క్ అన్నిటికన్నా ముందుంది. అయితే అదే డేటా నుంచి తయారైన మరో మోడల్ తను నేర్చుకున్నదాన్ని సూత్రాలుగా బయటికి చెప్పగలిగేది. అది చెప్పిన వాటిలో ఒకటి: ఆస్తమా ఉన్నవాళ్లకి నిమోనియాతో చనిపోయే ముప్పు తక్కువ. ఏ హౌస్‌సర్జన్ విన్నా నవ్వుతాడు. కానీ డేటాలో అబద్ధం లేదు. ఆస్తమా ఉందనగానే డాక్టర్లు భయపడి నేరుగా ఐసీయూలో పెట్టారు, కనిపెట్టుకుని ఉన్నారు, కాబట్టి ఎక్కువమంది బతికారు. మోడల్‌కి ఆ కాపలా కనిపించలేదు. దాని మాట విని ఆస్తమా రోగిని ఇంటికి పంపితే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. న్యూరల్ నెట్‌వర్క్ కట్టిన రిచ్ కారువానాయే దాన్ని రోగుల మీద వాడొద్దన్నారు. ఆస్తమా సంగతి తెలిసింది కాబట్టి దిద్దుకోవచ్చు, ఎవరి కంటా పడనివి ఇంకెన్ని ఉన్నాయో అన్నది ఆయన భయం. 2015లో ఆయన బృందం, మనిషి చదివి దిద్దగలిగే మోడళ్లతో ఆ రోగుల డేటాని మళ్లీ చూస్తే, గుండెజబ్బు ఉన్నవాళ్ల దగ్గరా ఇదే తంతు బయటపడింది.

రికార్డులో ఇలా దాగిన చెయ్యి మరోచోటా దొరికింది. బోస్టన్‌లో రెండు పెద్ద ఆస్పత్రుల ల్యాబ్ పరీక్షల మీద జరిగిన అధ్యయనం 2018లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చింది. రోగి మూడేళ్లు బతుకుతాడా లేదా అన్నది దేన్నిబట్టి బాగా తెలుస్తుందో చూశారు. పోల్చిన 174 పరీక్షల్లో 118 పరీక్షల దగ్గర, రిజల్టు కన్నా పరీక్ష ఎప్పుడు చేయించారన్నదే ఎక్కువ చెప్పింది. వార్డు తెలిసినవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. పొద్దున రౌండ్స్‌లో రాసే పరీక్ష చాలాసార్లు అలవాటుకొద్దీ రాసేది. తెల్లవారుజామున మూడింటికి డ్యూటీ డాక్టర్ లేచి నెత్తురు తీయించాడంటే, మనిషిని చూసి అతనికేదో అనిపించింది. ఆ అనుమానాన్ని అతను కేస్ షీట్లో రాయడు. దాని ఆనవాలు పక్కనున్న టైమ్‌లో మిగులుతుంది.

అందుకే మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలు ‘సార్, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా విషమించడం) మోడల్ అదరగొడుతోంది’ అని వస్తే, అందులో యాంటీబయాటిక్ ఎంట్రీలు, కల్చర్ పంపిన ఎంట్రీలు ఉన్నాయేమో ముందు వెతుకుతాను. డాక్టర్ పసిగట్టి మందు మొదలెట్టాక, ఆ మందుని చూసి రోగం పేరు చెప్పడంలో గొప్పేముంది? అమెరికాలో ఎపిక్ కంపెనీ ఆస్పత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్‌తో పాటు వందల ఆస్పత్రుల్లోకి వెళ్లిన సెప్సిస్ మోడల్‌ని మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు తమ రోగుల మీద పరీక్షించి, 2021లో ఫలితం ప్రచురించారు. సెప్సిస్ వచ్చినవాళ్లలో 67 శాతం మందిని అది పట్టుకోలేదు. అలారం మాత్రం మొత్తం రోగుల్లో 18 శాతం మందికి మోగించింది. ఊరికే మోగే అలారాన్ని వార్డులో ఎన్నాళ్లు పట్టించుకుంటారు?

రికార్డు రాసే చేతుల్లో డబ్బుది ఇంకొకటి. ఎవరికి అదనపు వైద్యసాయం కావాలో చెప్పడానికి అమెరికాలో విరివిగా వాడుతున్న ఒక అల్గారిథమ్‌ని జియాద్ ఓబర్‌మేయర్, సెంధిల్ ముల్లైనాథన్ తదితరులు 2019లో సైన్స్ పత్రికలో విప్పి చూపించారు. జబ్బుకి కొలతగా అది ఖర్చుని తీసుకుంది. అక్కడ తెల్లవాళ్లకున్నంత జబ్బే ఉన్నా నల్లజాతి రోగుల మీద పెట్టే ఖర్చు తక్కువ, కాబట్టి వాళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క తేలింది. ఆ వంకర తీసేస్తే, సాయం అందేవాళ్లలో నల్లవాళ్ల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేల్చారు.

అది చదువుతుంటే నాకు ఆరోగ్యశ్రీ ఫైళ్లు కళ్లముందు కదిలాయి. 2007లో మొదలైన ఆ పథకం లేకపోతే ఎన్నో పేద కుటుంబాలు ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చేవే కావు. కానీ ఆ ఫైలు క్లెయిమ్ కోసం పుడుతుంది, ప్యాకేజీ చుట్టూ తిరుగుతుంది. అంతకుముందు ఊళ్లో ఆర్‌ఎంపీ ఎక్కించిన సెలైన్లు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు, కూలి పోతుందని మానేసిన చెకప్పులు అందులో ఉండవు. డిశ్చార్జి తర్వాత మళ్లీ రాని మనిషి కోలుకున్నాడా, పోయాడా, వేరే ఆస్పత్రికి వెళ్లాడా? జాగ్రత్త పడకపోతే మోడల్‌కి మూడూ ఒకటే, ‘ఏమీ జరగలేదు’. ఇక ఒకే మనిషికి మూడు ఓపీ నంబర్లు, ఒక చీటీలో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, పుట్టినతేదీ తెలియని వాళ్లందరికీ జనవరి 1. పద్నాలుగంకెల ఆభా (ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్) నంబరు ఈ చీటీలన్నిటినీ ఒకచోటికి చేర్చగలదు. రాసినదాన్ని దిద్దలేదు.

మంచి రికార్డు మనకి చేతకాదని కాదు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి సొంతంగా తయారుచేసుకున్న ఐస్మార్ట్ రికార్డుల్లో 2010 నుంచి ఎనిమిదేళ్లలో 22 లక్షలకు పైగా రోగుల వివరాలు చేరాయి. పిల్లల్లో మయోపియా ఎంత వేగంగా పెరుగుతుందో ముందే అంచనా వేసే పనికి వాళ్లు మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపింది ఇలాంటి రికార్డుల బలంతోనే. కంటి పవర్ కొలిచి రాసే అంకె, పైగా వైద్యం కోసమే రాసింది. అలాంటి డేటా దొరికితే నాలాంటివాడికి పండగే.

అయితే మోడల్ ఇచ్చే రిస్క్ స్కోరు సరిగ్గా వచ్చినంత మాత్రాన రోగికి ఒరిగేదెంత? పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలకి ట్యాబ్‌లిచ్చి, గుండెజబ్బు ముప్పు లెక్కగట్టించిన స్మార్ట్‌హెల్త్ ప్రయోగం 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో జరిగింది. ఆశాలు తమ పని చక్కగా చేశారు, ముప్పున్నవాళ్లని గుర్తించి డాక్టర్ దగ్గరికి పంపారు. అయినా బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. ముప్పు ఉందని తెలిసిన మనిషికి నెలనెలా మాత్ర అందాలి, అతను దాన్ని మింగాలి, డాక్టర్ డోసు మార్చాలి. వీటిలో ఒక్కటీ స్కోరు చేసే పని కాదు.

కాబట్టి ఏ యాజమాన్యం పిలిచి ‘మాకూ రిస్క్ స్కోరు కావాలి’ అన్నా, డేటా తర్వాత, ముందు ఒక రాత్రి వార్డులో కూర్చోనివ్వమంటాను. రోగి దిగజారుతున్నాడని తొందరగా చెప్పే గుర్తుల్లో ఊపిరి లెక్క ఒకటి. చార్టు తీస్తే ప్రతి మంచానికీ వరసగా 18, 20, 18, 20. అన్ని మంచాల మధ్య ఒక్కతే తిరిగే సిస్టర్ ఒక్కొక్కరి దగ్గర నిమిషం నిలబడి లెక్కపెట్టాలంటే ఎక్కడ కుదురుతుంది? ఆ అంకెలు చెప్పేది రోగి ఊపిరి గురించి కాదు, ఆ రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారన్నది. తెల్లారాక యాజమాన్యాన్ని అడుగుతాను: ‘రాత్రి రెండింటికి స్కోరు ఎర్రగా మారిందనుకుందాం. ఎవరి ఫోన్ మోగుతుంది? వాళ్లు వచ్చి ఏం చేస్తారు? అప్పుడు ఐసీయూలో బెడ్ ఉంటుందా?’

వీటికి జవాబున్న చోట మోడల్ ప్రాణాలు కాపాడగలదనే నా నమ్మకం, లేకపోతే ఈ వృత్తిలో ఉండను. జవాబు లేనివాళ్లకి చెప్పేది ఒకటే: ఆ బడ్జెట్‌తో ముందు నైట్ డ్యూటీకి ఇంకో ఇద్దరు సిస్టర్లని వేసుకోండి, ఏడాది పోయాక నన్ను పిలవండి. ఇలా చెప్పడం వల్ల కొన్ని కాంట్రాక్టులు పోతాయి. ఆ పోయేవి పోవడమే రోగికి మేలు.