గట్టు లేని దారి

తోటలో దారి వేస్తే దానికి గట్టు కట్టడం మనకు అలవాటైన పని. అటో ఇటుక వరస, ఇటో ఇటుక వరస. మధ్యలో మనిషి నడవాలి, అవతల మొక్క పెరగాలి. ఇంగ్లాండ్‌లోని ఎసెక్స్‌లో, కోల్చెస్టర్ దగ్గరి ఎల్మ్‌స్టెడ్ మార్కెట్ అనే ఊళ్లో, బెత్ చాటో అనే ఆమె వేసిన గులకతోటలో ఆ గట్టు లేదు. కాలి కింద ఉన్న రాళ్లే మొక్కల మొదట్లోనూ ఉంటాయి. దారి ఎక్కడ ఆగిందో, మడి ఎక్కడ మొదలైందో కంటికి చిక్కదు. పాదానికి మాత్రం తెలుస్తుంది. పదిమందీ నడిచిన చోట గులక సర్దుకుని బిగుస్తుంది. ఎవరూ తొక్కని చోట వదులుగా ఉండి మొలకకు సందిస్తుంది. ఈ తోట సౌందర్యమంతా నాకు అక్కడే ఉందనిపిస్తుంది.

అది ఒకప్పుడు కార్లు నిలిపిన జాగా. ముప్పావు ఎకరం ఉంటుంది. చక్రాల బరువుకు అణిగి గట్టిపడిన నేల. కింద లోతుగా ఇసుకా గులకా తప్ప మరేమీ లేదు, ఎంత నీరు పడినా ఇంకిపోతుంది. వాన ఏడాదికి 500 మిల్లీమీటర్లు, ఇంచుమించు మన అనంతపురంలో కురిసేంత. అలాంటి చోట నేల పెళ్లగించి, చివికిన ఎరువు కలిపి, 1992లో మొక్కలు నాటి, పైన గులక పరిచారు. నాటిన రోజున తప్ప మళ్లీ నీళ్లు పెట్టకూడదన్నది బెత్ పెట్టుకున్న నియమం. దారుల వంపులు చూసుకోవడానికి ఆమె నీళ్ల పైపులను నేల మీద పరిచి అటూ ఇటూ జరిపారు. నీరు పోయని తోటకు తొలి గీత గీసింది నీళ్ల పైపే కావడం నాకెంతో ఇష్టమైన సంగతి.

ఆమె మనసులో ఉన్నది ఎండిన వాగు. అందుకే దారి ఒకచోట విశాలమై, ఇంకోచోట సన్నబడి, మొక్కల గుంపులను లంకల్లా చుట్టి సాగుతుంది. ఎక్కడా సూటి గీత లేదు. వాగు పోయినట్టే మనమూ పోతాం. ఎదురుగా మనిషి ఎత్తున స్టైపా గడ్డి నిలబడి ఉంటుంది. దాని కంకులు ఎండలో పండుటాకు రంగుకు తిరిగినప్పుడు, కింది గులక రంగూ అదే. నేలే లేచి గాలికి ఊగుతున్నదా అనిపించే క్షణం అది.

ఆ గులకను కాస్త దగ్గరగా చూడాలి. ఎక్కువగా చెకుముకి రాళ్లు. తేనెరంగు, ఇటుకరంగు, బూడిదరంగు, మధ్యమధ్య పాలతెలుపు. ఎండలో అన్నీ పొడిబారి ఒకే తీరుగా ఉంటాయి. ఒక్క జల్లు పడితే చాలు, ప్రతి రాయీ తన రంగు తాను చూపిస్తుంది. నాలుగు రాళ్లు పక్కకు తోసి వేలు దించితే, పైన వేడి, కింద చల్లని తడి. రాళ్ల మధ్య ఖాళీల వల్ల మట్టిలోని తేమ పైకి పాకలేదు, ఎండ నేరుగా మట్టిని తాకదు. పడిన వాన మాత్రం నిలవకుండా కిందికి దిగుతుంది. చూడ్డానికి ఇంత ఎండుగా ఉన్న నేల లోపల అంత తడి దాచుకోవడం కన్నా గొప్ప అలంకారం ఏ తోటకైనా ఏముంటుంది!

జపాన్‌లో క్యోటో నగరపు ర్యోఆన్‌జీ ఆలయంలోని గులక జగత్ప్రసిద్ధం. పదిహేను రాళ్ల చుట్టూ తెల్లని గులక మీద పళ్లున్న కర్రతో గీతలు గీసి ఉంచుతారు. దాన్ని వసారాలో కూర్చుని చూడాలి, అడుగు పెట్టకూడదు. ఆ నిశ్చలతకు చేతులెత్తి మొక్కుతాను. కానీ గులక అందంలో సగం దాని శబ్దం. అడుగు వేసినప్పుడు కరకరమనే ఆ పలుకు మన నడకనే మనకు వినిపిస్తుంది, తొందరను తగ్గిస్తుంది. అందుకే నా మనసు ఎసెక్స్ వైపే మొగ్గుతుంది.

మరో మాట. బెత్ తోటలో వెర్బాస్కమ్ మొక్కల గింజలు రాలి దారి నడుమ కూడా మొలుస్తాయి. కొన్నిటిని తీసేస్తారు, కొన్నిటిని ఉండనిస్తారు. ఉంచిన మొక్కను బట్టి మనం ఒక అడుగు పక్కకు జరుగుతాం, దారీ జరుగుతుంది. బెత్ 2018లో కన్నుమూశారు. ఆ నేల ఇప్పటికీ అలా మారుతూనే ఉంది.

మన ఇళ్లలో గేటు నుంచి మెట్ల దాకా సిమెంటు పోసేసి వాన నీటిని వీధిలోకి తరిమేస్తున్నాం. కారు వచ్చే మేర క్వారీ కంకర పరిస్తే ఎంత బాగుంటుందో! గుండ్రటి గులక చక్రం కింద దొర్లిపోతుంది. కోణాలున్న కంకర ఒకదాన్నొకటి పట్టుకుని నిలుస్తుంది. రెండంగుళాల మందం చాలు, ఎక్కువైతే కాలు దిగబడుతుంది. మన గ్రానైటు ముక్క బూడిదరంగులో, నల్లటి చుక్కలతో, తడిస్తే నిగనిగలాడుతుంది. పక్కన బిళ్లగన్నేరు ఉంటే దాని గింజ ఆ కంకరలో పడి దారి మధ్యనే మొలుస్తుంది. పీకెయ్యకండి, పక్కనుంచి నడవండి.