కాదనే హక్కు ఎవరిది?

నగరాల్లో కొన్ని హోటళ్ల, బార్ల గుమ్మాల దగ్గర ఒక బోర్డు కనిపిస్తుంది. లోపలికి ఎవర్ని రానివ్వాలో నిర్ణయించే హక్కు యాజమాన్యానిదేనని దాని సారాంశం. ఊళ్లో టీ హోటలుకి అలాంటి బోర్డు ఉండేది కాదు. అవసరమే లేదు. పాక చూరులో విడిగా పెట్టిన గ్లాసే బోర్డు. చదువురాని వాడికి కూడా అర్థమయ్యే బోర్డు. మాల మాదిగలు ఆ గ్లాసు తీసుకోవాలి, పైనుంచి పోస్తే పట్టుకోవాలి, తాగి తామే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. డబ్బులు మాత్రం అందరితో సమానం.

ఈ రెండు బోర్డుల వెనకా ఉన్న వాదం ఒక్కటే: "నా కొట్టు, నా ఇష్టం." చదువుకున్నవాళ్లు దీన్నే మర్యాదగా ఆస్తి హక్కు, ఒప్పంద స్వేచ్ఛ అంటారు. వివక్ష వ్యతిరేక చట్టమంటే యజమాని స్వేచ్ఛలో రాజ్యం వేలు పెట్టడమేనంటారు. దీనికి మనం సాధారణంగా ఇచ్చే జవాబు, స్వేచ్ఛ కంటే సమానత్వం ముఖ్యం అని. ఆ జవాబు తప్పు కాదు గానీ చాలదు. ఎందుకంటే అది అవతలివాళ్ల మొదటి మాటని ఒప్పేసుకుని మొదలవుతుంది. కాదనడమనే పని యజమాని తన సొంత ఇష్టంతో చేస్తున్నాడన్నది ఆ మొదటి మాట. అది నిజమేనా? అసలు కాదనేది ఎవరు?

ముందు చట్టం ఏమందో చూద్దాం. దుకాణాలు, హోటళ్లు, భోజనశాలలు, వినోద స్థలాల విషయంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుడి మీదా ఆంక్ష గానీ షరతు గానీ ఉండకూడదని రాజ్యాంగం 15(2) అధికరణం చెబుతుంది. ప్రాథమిక హక్కుల్లో ఎక్కువ భాగం రాజ్యానికి పగ్గం వేసేవి. ఇది నేరుగా కొట్టువాడితో మాట్లాడుతుంది. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో దీని మీద చర్చ జరిగినప్పుడు 'దుకాణం' అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. అడగవచ్చిన వాళ్లకి తన సేవ ఇవ్వడానికి సిద్ధపడి కూర్చున్న చోటల్లా దుకాణమేనని అంబేద్కర్ వివరించాడు. ఇక్కడ మాట గడప దాటనివ్వడం గురించి మాత్రమే కాదనీ, షరతులు కుదిరితే సేవ చేసి తీరడం గురించనీ అన్నాడు. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి రాసిన సుప్రీంకోర్టు తీర్పు ఈ వివరణనే ఆధారం చేసుకుని ప్రైవేటు విద్యాసంస్థలు కూడా ఈ అధికరణం కిందికి వస్తాయంది.

1955లో వచ్చిన అస్పృశ్యత (నేరాల) చట్టం 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. హోటల్లో అందరి కోసం పెట్టిన పాత్రలు వాడుకోనివ్వకపోవడం దాని 4వ సెక్షను కింద నేరం. 6వ సెక్షను ఇంకా ముఖ్యమైంది. ఇతరులకి అమ్మే వేళకే, అమ్మే చోటే, అవే షరతుల మీద సరుకు అమ్మకపోయినా, పని చేసిపెట్టకపోయినా నేరమేనంటుంది. అంటే "పెరటి వైపు రా", "పొద్దుపోయాక రా" అనడం కూడా కాదనడమే. బాధితుడు షెడ్యూల్డు కులం వాడైతే ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి. కాదని నిరూపించుకోవలసింది అవతలివాడే. అది 12వ సెక్షను. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ దుకాణంలోకి రానివ్వకపోవడాన్నీ, పాత్రలు ముట్టుకోనివ్వకపోవడాన్నీ, సాంఘిక, ఆర్థిక బహిష్కరణనీ పేరు పెట్టి నేరాల్లో చేర్చింది. శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా. కాగితం మీద లోటేమీ లేనట్టే ఉంది.

ఇప్పుడు ఊళ్లోకి రండి. రెండు గ్లాసులెందుకు పెట్టావని అడిగితే హోటలాయన ఏమంటాడు? "నాదేముందయ్యా? అందరికీ ఒకే గ్లాసు పెడితే ఊళ్లోవాళ్లు నా కొట్టు మెట్టెక్కరు" అంటాడు. మంగలిని అడిగితే, "మీకు క్షవరం చేస్తే రేపు పెద్దిళ్ల వాళ్లు నన్ను పిలవరు, కల్లంలో కొలిచే గింజలు ఆగిపోతాయి" అంటాడు. ఈ మాటల్లో సగం సాకే. తన కులపిచ్చిని ఊరి మీదికి నెట్టేసే హోటలాయన లేకపోలేదు. మిగతా సగం మాత్రం నిజం. కొట్టువాడు, గిరాకీ అని చట్టం ఇద్దర్నే చూస్తుంది. ఆ ఇద్దరి మధ్యా మూడోవాడున్నాడు. భూమి, అప్పు, కూలి, పంచాయితీ చేతిలో పెట్టుకున్న ఊరి పెద్దకులం వాడు. హోటలాయనకి నిజంగా లేని హక్కు ఒకటుంది. దళితుణ్ణి రమ్మనే హక్కు. రమ్మనే స్వేచ్ఛ లేనివాడి దగ్గర కాదనే స్వేచ్ఛ ఉందనడంలో అర్థమేముంది?

చుండూరుని గుర్తు చేసుకోండి. 1991లో ఒక దళిత యువకుడు సినిమా హాల్లో కూర్చున్నాడు. 15(2) ప్రకారం అది వినోద స్థలం. ఆ రోజు అతన్ని లోపలికి రానిచ్చారు. ముందు సీటులోని అగ్రకులస్తుడికి కాలు తగిలింది. అక్కడ మొదలైన గొడవ సాంఘిక బహిష్కరణగా మారింది. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్యల దాకా పోయింది. కాదన్నది హాలు యజమాని కాదు, తోటి ప్రేక్షకుడు. అతని వెనక ఊరు.

ఈ మూడోవాణ్ణి మార్కెట్టు మేధావులు చూడలేదా? చూశారు. అమెరికా అర్థశాస్త్రవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో అచ్చయిన 'కాపిటలిజం అండ్ ఫ్రీడమ్'లో ఒక కిరాణా కొట్టు ఉదాహరణ ఇచ్చాడు. నల్లవాళ్లు గుమాస్తాలుగా ఉండడం ఆ పేటవాళ్లకి గిట్టదు. అందుకని యజమాని తెల్లవాణ్ణే పెట్టుకుంటాడు. ఆ పని అతని సొంత ద్వేషం కానక్కర్లేదనీ, పేటవాళ్ల ఇష్టాన్ని అతను అందిస్తున్నాడంతేననీ ఫ్రీడ్‌మన్ అంటాడు. గమనించిన విషయం అక్షరాలా నిజం. మన హోటలాయన చెప్పింది కూడా ఇదే గదా! కానీ ఫ్రీడ్‌మన్ దాన్నుంచి తేల్చింది, పాపం ఆ యజమాని మీద చట్టం రుద్దడం అన్యాయమని. అక్కడే తిరకాసుంది. ఒక్క కొట్టువాడే మారితే అతను దివాలా తీస్తాడు, ఊరు పక్క కొట్టుకి పోతుంది. అన్ని కొట్లకీ ఒకే చట్టం గట్టిగా అమలైతే ఊరు ఎక్కడికి పోతుంది? అప్పుడు హోటలాయన, "నాదేం లేదు, చట్టం ఒప్పుకోదు" అని పెద్దకులం వాడికి జవాబు చెప్పగలుగుతాడు. నిజంగా మార్చాలనుకున్న యజమానికి చట్టం సంకెల కాదు, ఆసరా.

ఆ దేశం చరిత్రే దీనికి సాక్ష్యం. దక్షిణ కెరోలినాలోని గ్రీన్‌విల్ పట్నంలో 1960లో నల్లజాతి యువతీ యువకులు పదిమంది ఒక దుకాణంలోని తెల్లవాళ్ల భోజన బల్ల దగ్గర కూర్చున్నారు. లేవమన్నారు, లేవలేదు. అరెస్టు చేశారు. ఇది యజమాని సొంత హక్కుకి సంబంధించిన విషయమనేది అటువైపు వాదన. కానీ ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టాలని పట్నంలో శాసనమే ఉంది. అలాంటి శాసనం ఉన్నచోట మేనేజరు సొంతంగా ఏమనుకున్నాడన్న ప్రశ్నే అనవసరమని 1963లో సుప్రీంకోర్టు శిక్షలు కొట్టేసింది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక అట్లాంటాలో 216 గదుల మోటెలు యజమాని కోర్టుకెక్కాడు. నల్లవాళ్లకి గదులివ్వమనడం తన చేత వెట్టి చేయించడమేనని, బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ సవరణనే అడ్డం పెట్టుకున్నాడు. బానిసల వారసులకి మంచం అద్దెకివ్వమంటే తనకి బానిసత్వమట! కోర్టు ఒప్పుకోలేదు. వాదం మాత్రం చావలేదు. 2023లో స్వలింగ వివాహాలకి వెబ్‌సైటు తయారు చెయ్యనన్న డిజైనరు పక్షాన అదే కోర్టు వాక్‌స్వాతంత్ర్యం పేరుతో తీర్పు చెప్పింది.

గ్రీన్‌విల్‌లో మూడోవాడు శాసనం రూపంలో ఉన్నాడు కాబట్టి కోర్టుకి కనిపించాడు. మన ఊళ్లో ఆ శాసనం ఎక్కడా రాసి ఉండదు. రచ్చబండ మీద నోటిమాటగా ఉంటుంది. అందుకే మన కోర్టుకి కనిపించడు. మన చట్టం మీద నా విమర్శ ఇదే. 6వ సెక్షను కింద ముందు పట్టుబడేది మంగలి, చాకలి, చిన్న హోటలువాడు. శిక్ష పడితే లైసెన్సు రద్దు చెయ్యొచ్చని 8వ సెక్షను. ఆజ్ఞ ఇచ్చినవాడు ఇంట్లో కూర్చుంటాడు. మాదిగకీ మంగలికీ మధ్య పగ మిగులుతుంది.

అంటరానితనం పాటించనన్నవాణ్ణి వెలివేస్తే నేరమని 7(2) సెక్షను ఉంది. కానీ అది "తన సమాజానికి చెందిన" వాణ్ణి వెలివేసినప్పుడే వర్తిస్తుంది. మంగలిని మంగళ్లు వెలివేస్తే నేరం, భూస్వామి గింజలు ఆపేస్తే? అత్యాచారాల చట్టంలో బాధితుడు షెడ్యూల్డు కులం, తెగ వాడే కావాలి. దళితుడికి క్షవరం చేసి దెబ్బతిన్న వెనకబడిన కులం వాడికి అక్కడా చోటు లేదు. బహుజన ఐక్యత గురించి సభల్లో ఎంత మాట్లాడినా, ఈ ఖాళీ పూడ్చమని అడగకపోతే ఆ మాటకి విలువ లేదు.

మరి దళితుడే హోటలు పెడితే ఏమవుతుంది? అప్పుడు కొట్టు అతనిది, కాదనేది మాత్రం గిరాకీ. ఎవరి చేతా బలవంతాన టీ తాగించే చట్టం లేదు, ఉండదు. కాదనే హక్కు యజమానికి ఆస్తి వల్ల వచ్చిందన్న వాదం ఇక్కడ పూర్తిగా తేలిపోతుంది. కొట్టు మాలాయనదైనా కమ్మాయనదైనా ఆ హక్కు కులం చేతిలోనే ఉంటుంది.

కాబట్టి కేసు పెట్టేటప్పుడు కార్యకర్తలు కాదన్నవాడి పేరుతో ఆగిపోకూడదు. ఎవరు చెబితే కాదన్నాడు, ఎవరికి భయపడి కాదన్నాడు అన్నది ఫిర్యాదులోనే రాయాలి. నేరానికి పురికొల్పినవాడికి కూడా అదే శిక్షని 10వ సెక్షను చెబుతోంది. నేరంలో పాలుపంచుకుంటున్న ఊరి జనం మీద ప్రభుత్వం సామూహిక జరిమానా వెయ్యొచ్చని 10ఎ సెక్షను. ఆ సెక్షన్లు మనం అడిగితేనే కదులుతాయి. మంగలి నోరు విప్పితే అతన్ని ముద్దాయిగా కాక సాక్షిగా నిలబెట్టుకోగలగాలి.

ఇప్పుడు చాలాచోట్ల తాగి పారేసే కాగితం గ్లాసులు వచ్చాయి. రెండు గ్లాసుల పద్ధతి పోయిందని సంతోషించేవాళ్లున్నారు. ఒకరు తాగిన గ్లాసులో ఇంకొకరు తాగవలసిన అవసరం తప్పింది. అంతేగానీ తాగడానికి ఒప్పుకున్నట్టు కాదు. అనుమానముంటే ఊళ్లో స్టీలు గ్లాసులున్న కొట్టు ఒకటి చూసి, వాడ నుంచి నలుగురు కలిసి పోయి టీ అడగండి. కొట్టువాడి మొహం కంటే ముందు పక్క బల్ల మీద కూర్చున్నవాళ్ల మొహాలు చూడండి.