ఒక్క చప్పట

ఖాళీ హాలు నడిమధ్యకు వెళ్ళి, రెండు చేతులూ మొహం ఎత్తుకు లేపి, గట్టిగా ఒక్క చప్పట కొట్టాడు. ఆ చప్పుడు గోడలకు తగిలి, అద్దాల మీంచి తిరిగొచ్చి, పైకప్పు కింద కాసేపు తచ్చాడి, తీరుబడిగా అణిగింది. "నాలుగుంటది సార్," అన్నాడు. నాలుగు సెకన్లని. నాకు నమ్మకం కుదరక మళ్ళీ కొట్టమని ఫోన్లో కొలుచుకున్నాను. పెద్ద తేడా లేదు.

పాల్వంచ దాటాక భద్రాచలం రోడ్డు మీద, ఊళ్ళు పలచబడి టేకు చెట్లు మొదలయ్యే చోట ఉంది ఆ ఫంక్షన్ హాలు. పొడుగు 120 అడుగులు, వెడల్పు 70, ఎత్తు 20. కింద గ్రానైట్, పైన పీఓపీ, ఒకవైపు గోడంతా అద్దమే. ఆ రాత్రి అక్కడ రిసెప్షన్, ఆపైన డీజే, ఆరు వందల మంది భోజనాలు. సౌండు పెట్టే మనిషి ఖమ్మం నుంచి వ్యానులో సామాను వేసుకొచ్చాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. ఆయన పని చూడ్డానికే వెళ్ళాను. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళినవాణ్ణి మర్నాడు తెల్లవారుజామున గానీ ఇల్లు చేరలేదు.

బుకింగ్ రోజున పెళ్ళివారు అడిగింది ఒక్కటేనట: "ఎన్ని వాట్లు పెడతవ్?" ఈయన ఎదురడిగినవి నాలుగు. కింద ఏం పరిచారు, కిటికీలకు పరదాలున్నాయా, భోజనాలు అదే హాల్లోనా, ముసలివాళ్ళు ఎటువైపు కూర్చుంటారు. వాట్లు అడిగిన పెద్దాయనకు ఈ ప్రశ్నలు సామాను లేనివాడి సాకుల్లా తోచాయట. నాకు మాత్రం ఆయన పనితనం మొత్తం ఆ నాలుగింటిలోనే కనబడింది. గది ఏమిటో తెలిశాకే ఆయన వ్యానులోకి పెట్టె ఎక్కుతుంది.

చప్పట సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో, ఫాగ్ మ్యూజియం కొత్త లెక్చర్ హాల్లో పాఠం చెబితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒక మాట చావకముందే ఇంకో మాట దాని మీద పడేది. దాని సంగతేదో చూడమని వాలెస్ సబైన్ అనే కుర్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన పక్కనున్న శాండర్స్ థియేటర్ కుర్చీల మెత్తలను రాత్రిళ్ళు మోయించుకొచ్చి హాల్లో పరిచి, ఆర్గాన్ గొట్టం మోగించి ఆపి, చప్పుడు ఎంతసేపటికి అణుగుతుందో స్టాప్‌వాచ్‌తో కొలిచేవాడు. తెల్లారేసరికి మెత్తలు మళ్ళీ థియేటర్లో ఉండాలి. ఆ మోతబరువు రాత్రుల్లోంచి ఒక చిన్న సూత్రం పుట్టింది: గది ఎంత పెద్దదైతే మోత అంత సేపు, లోపల మెత్తదనం ఎంత ఉంటే అంత తక్కువ సేపు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆ లెక్క ప్రకారం కట్టిందే.

ఇంటికొచ్చాక అదే లెక్క మన పాల్వంచ హాలుకు కట్టి చూశాను. గ్రానైటూ అద్దమూ పీఓపీ కలిసి తమ మీద పడ్డ చప్పుడులో నూటికి ఎనిమిది వంతులు తాగుతాయనుకుంటే సరిగ్గా నాలుగు సెకన్ల చిల్లర వచ్చింది. ఆరు వందల మందిని లోపల కూర్చోబెడితే రెండు సెకన్ల లోపుకు దిగింది. మనుషులూ, పట్టుచీరలూ, కోట్లూ అన్నీ సబైన్ మెత్తలే. "జనం రాంగనే హాలు నోరు మూస్తది సార్. ఖాళీగ ఉన్నప్పుడు దీన్ని నమ్మి ఏదీ తిప్పొద్దు," అని ఈయన సాయంత్రం నాలుగింటికే చెప్పాడు.

దించిన సామాను చూసి నాకే వెలితిగా అనిపించింది. మాటకూ పాటకూ టాపులనే బాక్సులు నాలుగు, దరువుకు పద్దెనిమిది అంగుళాల బేసులు మూడు, ఆంప్లిఫయర్ల ర్యాకు, ప్రాసెసరు, చిన్న మిక్సరు. అంతే. ఈ వైపు ఊరేగింపుల్లో డీజే బండి అంటే ట్రాక్టరు మీద మనిషి ఎత్తు గోడలా పేర్చిన బాక్సులు కదా.

వాట్ల మోజు మీద రెండు ముక్కలు. 500 వాట్ల ఆంప్ తీసేసి 1,000 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్స్. విన్నవాడికి మోత రెట్టింపయిందనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. డబ్బా మీద పీఎంపీఓ అని ఉబ్బించి వేసిన అంకె గురించైతే మాట్లాడకపోవడమే మేలు. వాట్లు చూసి బాక్సు కొనడం కొమ్ములు చూసి పాడిగేదెను కొనడం లాంటిది.

టాపుల ఎంపికలో ఆయన చూసింది అవి ఎటు పోస్తాయన్నదే. అడ్డంగా 90 డిగ్రీలు, నిలువుగా 40 డిగ్రీలు పరుచుకునే హారన్ ఉన్నవి తెచ్చాడు. స్టాండు మీద ఎనిమిదడుగుల ఎత్తుకు లేపి, మొహం కిందికి వంచి, వెనకాల నిలబడి తుపాకీ గురి చూసినట్టు ఒక కన్ను మూసి చూశాడు. గురి చివరి వరస కుర్చీల మీద. "మనుషుల మీద పొయ్యాలె, అద్దాల మీద కాదు." నారుమడికి నీళ్ళు మళ్ళించే రైతు గట్టు మీద నిలబడి చూసే చూపు అది. ఇలాంటి హాల్లో, జనంతో నిండినా, ఒక టాపు నుంచి దాదాపు ముప్పై అడుగులు దాటితే నేరుగా వచ్చే చప్పుడు కంటే గోడలు తిప్పికొట్టిందే ఎక్కువ చెవిన పడుతుంది. అక్కడ ఇంకా గట్టిగా పెడితే గది కూడా అంతకంత గట్టిగా అరుస్తుంది.

మన ఊళ్ళ పాత హారన్లకు ఈ గుట్టు తెలుసు. 1940లో మొదలైన అహూజా కంపెనీ బూరలు వేపచెట్టుకో కరెంటు స్తంభానికో కట్టి, జాతరలో తప్పిపోయిన పిల్లల గురించి చెబితే అరమైలు దూరం మాట విడివిడిగా వినబడేది. బూరలో బేసు ఉండదు, చప్పుడు చెదరదు. మాటకు అదే బలం. పాటకు మాత్రం పనికిరాదు.

నాలుగు టాపుల్లో రెండు స్టేజి దగ్గర పెట్టి, మిగతా రెండూ హాలు సగంలో, అరవై అడుగుల దగ్గర నిలబెట్టాడు. ఇక్కడ ఒక చిక్కుంది. చప్పుడు సెకనుకు సుమారు 1,130 అడుగులు నడుస్తుంది. వైరులో కరెంటు మాత్రం ఎప్పుడో వెళ్ళిపోతుంది. అలాగే వదిలేస్తే సగంలో ఉన్న టాపు ముందు పలికి, స్టేజి చప్పుడు 53 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చి, వెనక వరసలవాళ్ళకు ప్రతి దరువూ రెండుసార్లు వినబడుతుంది. అందుకని ప్రాసెసర్లో వెనక టాపులను ఆపి ఉంచాలి. ఈయన పెట్టిన అంకె 53 కాదు, 65. ఆ పన్నెండు ఎందుకని అడిగితే, "జరంత లేటుగ రావాలె. అప్పుడు ముంగటికెళ్ళే వస్తుందనుకుంటరు," అన్నాడు. 1949లో జర్మనీలో హెల్ముట్ హాస్ తన పరిశోధనలో తేల్చింది ఇదే: ఒకే చప్పుడు రెండు చోట్ల నుంచి వస్తే, ముందు చేరిన వైపే చెవి తిరుగుతుంది, వెనకొచ్చింది బలాన్ని మాత్రం కలుపుతుంది. రాత్రి వెనక వరసలో కూర్చుని పరీక్షించాను. పక్కనే నిలబడ్డ టాపు మోగుతోందని చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలియలేదు.

ఇక బేసులు. మామూలుగా స్టేజికి అటొకటి ఇటొకటి ద్వారపాలకుల్లా నిలబెడతారు, ఫోటోకు బాగుంటుంది. 60 హెర్ట్జ్ దరువు అల పొడవు దాదాపు 19 అడుగులు. రెండు వైపుల నుంచీ వచ్చే అలల దారి అందులో సగం తేడా పడ్డ చోట ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఒక టేబుల్ దగ్గర గుండె అదురుతుంటుంది, నాలుగు కుర్చీల అవతల ఏమీ ఉండదు. ఈయన మూడింటినీ ఒకే చోట, స్టేజి ముందు నడుమ, ఒకదాని మీద ఒకటి పేర్చాడు. పేర్చే ముందు ఒక్కోదాన్నీ వేలి కణుపులతో తట్టి చూశాడు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ డబ్బా నిండుగా పలికింది. ఒకదాని జాలీ స్క్రూ వదులై చిర్రుమంది, అక్కడే బిగించాడు.

పేర్చాక చూస్తే నడిమిది వెనక్కి తిరిగి ఉంది. సామాను మోసే కుర్రాడు పొరపాటున పెట్టాడనుకుని చెప్పబోయాను. పొరపాటు కాదు. వెనక్కి తిరిగిన దానికి తరంగం తలకిందులు చేసి, నాలుగు మిల్లీసెకన్ల లోపు ఆలస్యం కలిపాడు. దాంతో ముందు వైపు మూడూ దాదాపు కలిసి వెళతాయి, వెనక వైపు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. స్టేజి వెనక విడిది గదులున్నాయి, వాటిలో పసిపిల్లలూ ముసలివాళ్ళూ ఉన్నారు. వాటి వెనక ప్రహరీ, ప్రహరీకి ఆనుకుని ఇళ్ళు. పాట పెట్టి నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. హాల్లో పొట్టలో తగిలిన దరువు ఇక్కడ పక్కింట్లో రోకలి పోటులా ఉంది. మూడు పెట్టెల్లో ఒకదాని జోరు కొంత త్యాగం చేసి తెచ్చిన నిశ్శబ్దం అది. ఆ రోజంతటిలో నాకు అన్నిటికంటే నచ్చిన పని ఇదే. విన్నవాళ్ళెవరూ దాన్ని గుర్తించరు కూడా.

చట్టం కూడా ఈ ప్రహరీ దగ్గరే నిలబడి వింటుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మూసిన హాళ్ళలో లోపలివాళ్ళకు వినిపించడానికి మాత్రం వెసులుబాటుంది. నివాస ప్రాంతానికి రాత్రిపూట హద్దు 45 డెసిబెల్స్. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు తన గిరాకీ ఏమవుతుందోనని భయపడ్డారా అని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు.

కరెంటు పని చకచకా చేశాడు గానీ అజాగ్రత్తగా కాదు. మీటరుతో మూడు ఫేజులూ, న్యూట్రలూ చూడనిదే ఒక్క ప్లగ్గూ పెట్టలేదు. న్యూట్రల్ వదులైతే 230 రావలసిన చోట 400 వోల్టుల దాకా వచ్చి ర్యాకు మొత్తం కాలిపోతుంది. లైట్లకు ఒక ఫేజు, సౌండుకు ఇంకొకటి. వేసేటప్పుడు మిక్సరు ముందు, ఆంపులు ఆఖరున; ఆపేటప్పుడు ఆంపులు ముందు.

తొమ్మిదిన్నరకు డీజే కుర్రాడొచ్చాడు. రాగానే మీటర్లన్నీ ఎర్రగా వెలిగేదాకా తిప్పడం వీళ్ళ అలవాటు. ఆంప్ తట్టుకోలేనంత వస్తే తరంగం తలలు తెగి, ముందు కాలేది టాపులోని చిన్న డ్రైవరు. "తిప్పుకోనీయి సార్," అన్నాడు ఈయన. ప్రాసెసర్లో, మోతను హద్దు దాటనివ్వని లిమిటరు అప్పటికే బిగించి ఉంది. కుర్రాడు తిప్పుతూనే ఉన్నాడు, ఆడేవాళ్ళ మధ్య నిలబడి మీటరు పట్టుకుంటే అంకె మాత్రం 97, 98 దగ్గరే ఆడింది. ఇలాంటి చోట్ల పదిహేను నిమిషాల సగటు 100 దాటకూడదని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఈయనకు ఆ సంగతి తెలియదు. "వందకు పోతే పొద్దుగాల చెవుల్ల ఈల" అని తెలుసు.

పదకొండున్నరకు అనుకోనిది జరిగింది. పెళ్ళికొడుకు తరఫు కోయవాళ్ళు అడవిదున్న కొమ్ముల తలపాగాలతో, డోళ్ళతో లోపలికి వచ్చారు. ఇటువైపు డోలంటే మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గుర్తొస్తాడు. డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథ చెప్పిన ఆ పెద్దాయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో కన్నుమూశాడు. ఆ డోలు ఆకాశం కింద మోగడానికి పుట్టింది. గోడలుండవు, వెళ్ళిన దరువు వెళ్ళిపోతుంది. ఈ గ్రానైటు గదిలో అది ఏమవుతుందోనని నాకు గాభరా.

పెళ్ళివారిలో ఒకాయన పరుగెత్తుకొచ్చి, "డోళ్ళకు మైకులు పెట్టు బాబూ, పెట్టు," అన్నాడు. ఈయన మైకు పెట్టలేదు. బేసులు పూర్తిగా ఆపేశాడు, ముందు టాపులు ఆపేశాడు, వెనక టాపులు రెండూ ఆపేశాడు. ర్యాకులో తిరుగుతున్నవి ఫ్యాన్లు మాత్రమే. జనం లేచి చుట్టూ గుమికూడారు, ఆ గుమికూడడంతోనే గది ఇంకొంచెం మెత్తబడింది. డోళ్ళు మాత్రమే మోగాయి, దరువుకూ దరువుకూ మధ్య సందు స్పష్టంగా వినబడింది. ఇరవై నిమిషాలు ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రెండింటికి సామాను సర్దారు. వైరును ఒక చుట్టు పైనుంచి, తర్వాతి చుట్టు లోపలి నుంచి తిప్పుతూ చుట్టాడు. అలా చుడితే మళ్ళీ విసిరినప్పుడు ముడి పడదు, లోపలి తీగ మెలితిరగదు. చుట్టబోయిన సామాను కుర్రాణ్ణి, "అరే, మోచేతికి చుట్టొద్దన్ననా?" అని కసిరి తనే చుట్టాడు. బేసులు ముందెక్కాయి, వాటి మీద దుప్పటి, ఆ పైన టాపులు.

అప్పుడే ఫోన్ మోగింది. సారపాక వైపు మర్నాడు సాయంత్రం ఇంకో పెళ్ళి, ఆరుబయట. వాట్లెన్ని అన్నారు కాబోలు అవతలివాళ్ళు. ఈయన వ్యాను తలుపుకు ఆనుకుని, ఫోను భుజానికి చెవికి మధ్య నొక్కిపట్టి, తాడు బిగిస్తూ అడుగుతున్నాడు: "అది తర్వాత చెప్తా గని బాబాయ్, కింద గడ్డా, సిమెంటా? ఎనక గోడేమన్నున్నదా, లేకపోతే పొలమేనా? పొలమైతే బేసులు ఇంకో రెండు ఏసుకురావాలె."