మనశ్శాస్త్రానికి తొలి మెట్టు ఏది?

భౌతికశాస్త్రం తెలియనివాడు ఆ సంగతి సులభంగానే ఒప్పుకుంటాడు. మనస్సు విషయంలో అట్లా కాదు. ప్రతివారికీ ఒక మనస్సున్నది కనుక, దాన్ని గురించి ప్రతివారికీ ఒక అభిప్రాయమూ ఉన్నది. సామాన్య పాఠకులకోసం మనశ్శాస్త్ర గ్రంథం వ్రాసేవారి పని అందువల్లనే కష్టమైనది. తెలియనిది చెప్పితే చాలదు. తెలుసుననుకొన్నది ఎంతవరకు నిజమో కూడా చూపాలి. ఇట్టి గ్రంథాలలో బహుళ ప్రచారం పొందినది డేనియల్ కానెమన్ 2011లో ప్రచురించిన ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’. దాని గుణదోషాలను పరిశీలిస్తే ఈ తరహా గ్రంథాలన్నింటినీ తూచే తక్కెడ మనకు దొరుకుతుంది.

కానెమన్ మనశ్శాస్త్రవేత్త. 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. మన ఆలోచన రెండు విధాలుగా సాగుతుందని, ఒకటి తడుముకోకుండా తోచేదని, రెండవది శ్రమపడి లెక్క చూసేదని ఆయన వివరించాడు. గ్రంథంలోని ఒక లెక్కను మన రూపాయలలోకి మార్చి చూడండి. బ్యాటు, బంతి కలిపి 110 రూపాయలు. బంతికన్న బ్యాటు ధర 100 రూపాయలు ఎక్కువ. బంతి వెల ఎంత? చాలమందికి వెంటనే 10 అని తోస్తుంది. అప్పుడు బ్యాటు 110, మొత్తం 120 కావాలి. సరి అయిన జవాబు 5. ఇక్కడ పాఠకుడే ప్రయోగశాల. నీవు పొరబడతావని చెప్పడం వేరు, పొరబడేటట్లు చేసి చూపడం వేరు. ఈ గ్రంథం గొప్ప గుణం ఇదే.

ఏమోస్ ట్వెర్‌స్కీతో కలిసి ఆయన 1974లో ప్రకటించిన మరొక ప్రయోగం చూడండి. అంకెల చక్రాన్ని తిప్పుతారు. అది 10 వద్దగాని 65 వద్దగాని ఆగేటట్లు ముందే అమర్చి ఉంటుంది. తరువాత, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు నూటికెన్ని అని అడుగుతారు. 10 చూసినవారి మధ్యస్థ అంచనా 25, 65 చూసినవారిది 45. సంబంధం లేని అంకె కూడా మనస్సుకు లంగరు వేస్తుందన్నమాట.

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని నాలుగవ అధ్యాయంలో గ్రంథకర్త కాలు జారింది. వృద్ధాప్యాన్ని స్ఫురింపజేసే మాటలతో వాక్యాలు కూర్చిన విద్యార్థులు, తరువాత తమకు తెలియకుండానే నెమ్మదిగా నడిచారని 1996లో ఒక పరిశోధన వెలువడింది. ఒక్కొక్క ప్రయోగంలో పాల్గొన్నవారు 30 మంది మాత్రమే. ఇట్టి ఫలితాలను నమ్మక తప్పదని కానెమన్ పాఠకునికి చెప్పాడు.

2012లో బెల్జియం పరిశోధకులు 120 మందితో ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేశారు. నడకను పరారుణ కిరణ సాధనాలతో కొలిస్తే తేడా కనబడలేదు. రెండవసారి, పాల్గొనేవారు నెమ్మదిస్తారని ప్రయోగకర్తలకు ముందే నమ్మకం కలిగించారు. ఆ నమ్మకమున్న చోటనే నెమ్మది నడక కనబడింది! పాల్గొన్నవారి మనస్సును పరీక్షిస్తున్నామనుకొంటే, కొలిచేవారి మనస్సు బయటపడింది.

2014లో 36 బృందాలపై, ఆరువేలమందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద పరీక్ష జరిగింది. అందులో లంగరు ప్రభావం మరింత బలంగా నిలిచింది. జెండాను, డబ్బును చూపి మనస్సును మళ్ళించే ప్రయోగాలు నిలువలేదు. అంటే ఒకే గ్రంథంలో గట్టి నేల, ఊబి నేల పక్కపక్కనే ఉన్నాయి. రెండింటినీ రచయిత ఒకే ధీమాతో చూపితే బాటసారి ఏమి చేయగలడు?

కానెమన్ గౌరవానికి ఒక మాట చెప్పాలి. కొద్దిమందితో చేసిన ప్రయోగాలను మితిమీరి నమ్మానని ఆయన 2017లో బహిరంగంగా అంగీకరించాడు. చిన్న నమూనాలను అతిగా నమ్మే మానవ స్వభావంపై ఆయనే పూర్వం పరిశోధన చేశాడు. తెలిసినవాడు కూడా ఆ గుంటలో పడ్డాడంటే ఆయన సిద్ధాంతానికి అంతకన్న రుజువేమి కావాలి? అయితే 2011 ప్రతిని చదివే పాఠకునికి ఈ సంగతి ఆ పుటలలో దొరకదు.

ఇది పండితుల తగవు మాత్రమే కాదు. ఉపాధ్యాయులు, తలిదండ్రులు, ఉద్యోగాలిచ్చేవారు ఇట్టి పుస్తకాలు చదివి, తమ చేతిలో ఉన్నవారిపై వాటిని అమలుజరుపుతారు. బలహీనమైన ఫలితానికి మూల్యం చెల్లించేది బడిపిల్లవాడు.

కనుక మనశ్శాస్త్రంలో తొలి పుస్తకం ఎన్నుకొనేవారు మూడు ప్రశ్నలు వేయాలి. ప్రయోగంలో పాల్గొన్నవారెందరు? వారెవరు? ఇతరులు మళ్ళీ చేసినప్పుడు ఏమయింది? రెండవ ప్రశ్న మనకు మరీ ముఖ్యం. ఈ శాస్త్రంలోని ప్రయోగాలలో అధిక భాగం పాశ్చాత్య దేశాల విద్యార్థులపై జరిగినవేనని 2010లో జోసెఫ్ హెన్రిక్, ఆయన సహచరులు ఎత్తిచూపారు. మిచిగాన్ విద్యార్థికి వర్తించినది మదనపల్లి రైతుకు వర్తించవచ్చు, వర్తించకపోవచ్చు, పరీక్షించి చూడాలి.

కానెమన్ గ్రంథాన్ని చదవవద్దని చెప్పడం లేదు. నాలుగవ అధ్యాయం వద్ద పెన్సిలు పట్టుకొని చదవమనడమే. తెలుగులో ఇట్టి గ్రంథాలు వ్రాయబోయేవారు వింతలతో పాటు వాటిని తెలుసుకొన్న తీరును, నిలువని వాటిని కూడా చెప్పితే పుస్తకం కొంత లావవుతుందేమో గాని, పాఠకుని నమ్మకం వమ్ము కాదు.