రోహిణిలో తీసిన గుంత

రోహిణి కార్తె ఎండకు చెల్క నేల రాయిలా బిగుసుకుపోతుంది. ఉమ్మడి నల్లగొండలోని చౌటుప్పల్ చుట్టుపక్కల ఊళ్లలో ఉపాధి హామీ కూలీలు మొక్కల కోసం గుంతలు తీసేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పొద్దుగాలే సద్ది కట్టుకొని, గడ్డపారలు భుజాన వేసుకొని గుంపులుగా కదులుతారు. ఎండ ముదరకముందే పని తెమలాలి. బెత్తెడు మన్ను లేవగానే కింద మొరం తగులుతుంది, గడ్డపార ఖంగుమంటుంది. ఒకరు పొడుస్తుంటే ఇంకొకరు పారతో మన్ను ఎత్తిపోస్తారు. ఆ గుంపుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే.

గుంత కొలత మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, మూరెడు లోతు. గుంపు పని చూసే మేటు టేపు పెట్టి చూస్తే 45 సెంటీమీటర్లు ఉండాలి. చూడ్డానికి చిన్నదే. కానీ ఒక్క గుంత నుంచి సుమారు 90 లీటర్ల మన్ను, అంటే ఆరు బిందెలకు సరిపడా, పైకి రావాలి. 2025-26లో తెలంగాణలో ఉపాధి కూలీ రోజుకు 307 రూపాయలు ఉండేది. కొలత తగ్గితే కూలీ కూడా తగ్గుతుంది. హాజరు కోసం రోజుకు రెండుసార్లు ఫోన్లో ఫొటో దిగాలి.

పనితనం తెలిసిన చేయి పైమన్నును ఒక పక్కకు, కింది మొరాన్ని ఇంకో పక్కకు పోస్తుంది. గుంత కొన్నాళ్లు ఎండలో తెరిచి ఉంటే మంచిది, పురుగూ పుట్రా చస్తాయి. వానలు పడ్డాక పైమన్నులో పెంట ఎరువు కలిపి ముందుగా అదే నింపాలి. తొందరలో ఈ వరస తప్పిందా, లేత వేరుకు మొరమే ఎదురవుతుంది. అలాంటి మొక్క బతికినా గిడసబారిపోతుంది.

మొక్కలు నాటే పని అన్నిచోట్లా ఇలాగే ఉండదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మొక్కలు నాటే శిబిరాలకు పెద్ద పేరుంది. అడవి నరికిన చోట్ల, ఊళ్లకు దూరంగా గుడారాలు వేసుకొని యువతీయువకులు నెలల తరబడి అక్కడే ఉంటారు. నడుముకు సంచులు, చేతిలో పార. కూలీ మొక్కల లెక్కనే కాబట్టి ఒక్కొక్కరు రోజుకు వెయ్యికి పైగా నాటేస్తారు. అక్కడ నేలలో పారతో చీలిక చేసి మొక్కను దించి కాలితో అదిమితే సరిపోతుంది. ఆ వేగం మెచ్చుకోదగ్గదే. మన చెల్కల్లో మాత్రం నాటేది మధ్యలో వచ్చే పని. అసలు పనంతా అంతకు నెలల ముందే, నర్సరీలో కవర్లకు మట్టి నింపడంతో మొదలవుతుంది.

నాటిన మొక్క బతకాలంటే నీళ్లూ కావాలి. 2015 జూన్ 8న, సరిగ్గా మృగశిర వేళ, చౌటుప్పల్‌లో మంచినీటి పథకం పైలాన్‌ను ఆవిష్కరించారు. అదే తర్వాత మిషన్ భగీరథ అయింది. నెల తిరక్కముందే, జూలై 3న, చిలుకూరులో మొక్కలు నాటే పథకం హరితహారం మొదలైంది. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన ఉమ్మడి నల్లగొండకు నీళ్లూ చెట్లూ వేర్వేరు మాటలు కావు. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని సర్పంచుల మీద బాధ్యత పెట్టింది. నాటిన లెక్క కాకుండా బతికిన లెక్క అడగడం ఆ చట్టంలోని మేలైన మాట.

చౌటుప్పల్ పక్కనే లక్కారంలోని తంగేడువనంలో అటవీశాఖ ఇంకో దారి పట్టింది. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకీ పద్ధతిని ఇక్కడి నేలకు మలిచి, యాదాద్రి సహజ అడవి అని పేరు పెట్టారు. ఎకరాకు 4,000 మొక్కలు, అంటే మొక్కకు చదరపు మీటరు చోటు. రకాలన్నీ మన నేలవే. దగ్గరదగ్గరగా ఉండడంతో వెలుతురు కోసం పోటీపడి పైకి లేస్తాయి. రెండు మూడేళ్లు సాకితే చాలు, రాలిన ఆకే నేలకు దుప్పటి అవుతుంది.

రోడ్డు పక్క మొక్కకు ఆ తోడు లేదు. కవరును బ్లేడుతో కోసేటప్పుడు మట్టిగడ్డ చెదిరితే వేర్లు తెగుతాయి. కాండం పట్టి ఎత్తినా అంతే, కవరు అడుగున చెయ్యి పెట్టాలి. నాటాక మేకలు రాకుండా చుట్టూ తుమ్మకంప కట్టాలి. ఆ తర్వాత వేసవంతా ట్యాంకర్ వెంట నడుస్తూ పైపుతో నీళ్లు పట్టే వనసేవకులదే భారం. పైపును నేరుగా మొదట్లోకి వదిలితే మన్ను కొట్టుకుపోతుంది. పాదు నిండేదాకా ఒక్కో మొక్క దగ్గర ఆగాలి. ట్యాంకర్‌లో నీళ్లు అడుగంటుతున్నప్పుడు వరస చివరి మొక్క దాకా ఓపిగ్గా నడవడం అన్నింటికన్నా కష్టం. ఎండిన మొక్కలు చాలావరకు వరస చివర్లోనే కనిపిస్తాయి.

ఏడాది తిరిగాక మళ్లీ అవే గుంపులు అదే వరసలోకి వస్తాయి. చచ్చిన మొక్క జాడ చూసి, అదే గుంతను తిరగదోడి కొత్తది పెడతారు. ఈసారి గడ్డపార ఖంగుమనదు. కిందటేడు పోసిన పెంటతో, పట్టిన నీళ్లతో మన్ను మెత్తబడి, పారకే లేచి వస్తుంది.