మూల కలిసిందా?

కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో కొత్త ఫ్లాట్‌లో గృహప్రవేశం. వ్రతం అయింది, భోజనాలూ అయ్యాయి. అందరూ మాడ్యులర్ కిచెన్‌ని మెచ్చుకుంటుంటే, చుట్టాల్లో ఒక పెద్దాయన మాత్రం సింహద్వారం దగ్గర ఆగి, చుట్టూ కొట్టిన టేకు బీడింగ్ పైమూలను బొటనవేలి గోటితో గీరి చూస్తాడు. గోరు సందులో ఇరుక్కుందంటే వడ్రంగికి మార్కులు పోయినట్టే.

రెండు చెక్కపట్టీలను చెరో సగం కోణంలో కోసి మూలలో కలిపే ఈ అతుకును పుస్తకాల్లో మైటర్ అంటారు. సైట్లో పనివాళ్లకు అది ‘ఫార్టీఫైవ్’. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నది మొదలు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాకా అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నాయి. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బీహార్ల నుంచి వచ్చిన వడ్రంగులు ఇక్కడి పనివాళ్లతో కలిసి ఆ ఇళ్లలో రోజూ ఈ కోత కోస్తూనే ఉన్నారు. ఈమధ్య వాళ్ల పక్కన ఇంకొకరు చేరారు: వారాంతంలో సొంతంగా పూజామందిరానికి బీడింగో, పిల్లల గదికి స్కర్టింగో వేసుకుందామని రంపం పట్టిన ఐటీ ఉద్యోగి.

ఇలాంటి ఉద్యోగుల్లో చాలామంది మొదటి మూల దగ్గరే దెబ్బతింటారు. తొంభైలో సగం నలభై అయిదు, రంపపు యంత్రాన్ని అక్కడ పెట్టి కోస్తే సరి అనుకుంటారు. ఇటుక పేర్చి ప్లాస్టరింగ్ చేసిన గోడల మూల కచ్చితంగా తొంభై ఉండటం అరుదు. తాపీ మేస్త్రీ మూలలో ఒక పొర ఎక్కువ దిద్దితే చాలు, 91 అవుతుంది. అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి లేపిన కొత్త టవర్లలో, మైవాన్ పద్ధతి అంటారే, వాటిలో గోడలు కాస్త నిటారుగా వస్తాయి. అక్కడ కూడా పుట్టీ పొరలను నమ్మడానికి లేదు.

తేడా ఎంత చిన్నదైనా కంటికి దొరికిపోతుంది. తలుపు చుట్టూ కొట్టే పట్టీ వెడల్పు 75 మిల్లీమీటర్లు అనుకుంటే, అతుకు గీత పొడవు సుమారు 106 మిల్లీమీటర్లు. మొత్తం మీద ఒక్క డిగ్రీ తప్పితే ఆ గీత ఒక కొసన దాదాపు 2 మిల్లీమీటర్ల సందు పడుతుంది. నాలుగు మూలల చట్రంలో కోతలు ఎనిమిది. ఒక్కో కోతలో అర డిగ్రీ తప్పు ఒకే వైపు జరిగితే, మూడు మూలలు బిగించి నాలుగో దానికి వచ్చేసరికి ఆ అర డిగ్రీలన్నీ కలిసి 4 డిగ్రీలై అక్కడ నోరు తెరుస్తాయి. చివరి మూల తప్పు చివర కోసిన ముక్కది కాదన్నమాట. ఆ ఒక్క ముక్కనే మళ్లీ మళ్లీ కోసి పొట్టి చేసుకునేవాళ్లకు ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

మరి గోడ కోణం కొలవడం ఎలా? అనుభవమున్న వడ్రంగి కొలవనే కొలవడు. పట్టీ ముక్కను ఒక గోడకు ఆనించి, దాని బయటి అంచు వెంట నేల మీద పెన్సిల్ గీత గీస్తాడు. అదే ముక్కను రెండో గోడకు ఆనించి ఇంకో గీత గీస్తాడు. రెండు గీతలు ఖండించుకున్న చోటు నుంచి గోడల మూలకు ఒక గీత కలిపితే, కోయాల్సిన వాలు అదే. కీలు ఉన్న మట్టాన్ని ఆ వాలుకు తెరిచి బిగించి, దాన్ని తీసుకెళ్లి రంపానికి చూపిస్తాడు. మూల 88 కానీ 93 కానీ, డిగ్రీల ప్రసక్తే రాదు. పట్టీల వెడల్పులు వేరైనా ఈ పద్ధతి పనిచేస్తుంది. అప్పుడు రెండు ముక్కల వాలూ ఒకటి కాదు, అంతే తేడా. ఫోన్‌లో కోణం కొలిచే యాప్‌ల కన్నా ఈ మూడు గీతలు నమ్మకమైనవి.

ఇదే కిటుకు ఇంకో రూపంలో పటాలు కట్టే దుకాణాల్లో ఉంది. వెంకటేశ్వరస్వామి పటానికి చట్రం వేసే ఆ షాపుల్లో కొన్నిచోట్ల కాలితో తొక్కే కోతయంత్రం కనిపిస్తుంది. అందులో రెండు కత్తులు ఒకదానికొకటి తొంభై డిగ్రీల్లో బిగించి ఉంటాయి. ఒక్క తొక్కుకు ఇటు ముక్క కుడికొస, అటు ముక్క ఎడమకొస రెండూ తెగుతాయి. పట్టీ ఇసుమంత వంకరగా పెట్టినా ఒకటి 44.8 అయితే రెండోది 45.2 అవుతుంది. రెండూ కలిస్తే తొంభైయే! ఇంట్లో ఆ యంత్రం ఉండదు కాబట్టి, పని మొదలుపెట్టే ముందు రెండు తుక్కు ముక్కలు కోసి, కలిపి, లోపల మూలమట్టం పెట్టి చూడాలి. హైదరాబాద్ పనివాళ్లు దాన్నే గునియా అంటారు. గునియా దగ్గర కనిపించే తప్పు రెండు కోతలది. రంపం కోణాన్ని అందులో సగమే సరిదిద్దాలి.

కోత దగ్గర తొందర పనికిరాదు. గుర్తు పెన్సిల్‌తో కాక పదునైన కత్తితో గీస్తే నార చిట్లదు. రంపం ఆ గీతకు పారేసే ముక్క వైపున నడవాలి, ఎందుకంటే పళ్లు తినే మందం కూడా ఒక కొలతే. ఓ వెంట్రుకవాసి ఎక్కువ ఉంచి కోసి, మిగిలింది రందాతో తియ్యడం పాతకాలపు పద్ధతి. కోస్తా జిల్లాల్లో ఇదే చిత్రిక పట్టడం. రంపం ఎంత సన్నదైనా, రందా తీసిన నున్నదనం దానికి రాదు.

పాత ఇళ్ల ద్వారబంధాల్లో బరువు మోసే పని ఈ ఏటవాలు కోతకు అప్పజెప్పలేదు. ఒక చెక్క చివరను నాలుకలా చెక్కి, ఎదుటి చెక్కలో తొలిచిన తొర్రలోకి దిగ్గొట్టి, అడ్డంగా చెక్కమేకు బిగించేవారు. కోణం కోత ముఖానికి అందం, అంతే. కారణం చెక్కలోనే ఉంది. కోణంలో కోసినప్పుడు నార కొసలు బయటపడతాయి, అవి స్ట్రాల్లా జిగురును లోపలికి పీల్చేస్తాయి. అందుకే ఫెవికాల్ మొదట పల్చగా పూసి, కాసేపు ఆగి, మళ్లీ పూసి బిగించాలి. పటం బరువైనదైతే మూలకు అడ్డంగా రంపంతో గాడి తీసి, అందులో పల్చటి చెక్కబిళ్ల దూర్చి అతికిస్తే మూల ఊడి రాదు.

గది లోపలి మూలల్లో స్కర్టింగ్‌కు అసలు మైటరే వద్దనేది మంచి పనివాళ్ల మాట. ఒక పట్టీని నేరుగా గోడ దాకా తోసేసి, రెండోదాని కొసను మొదటిదాని వంపుల ఆకారంలోనే సన్నరంపంతో చెక్కి దాని మీదకు ఆనిస్తారు. గోడ కాస్త వంకరైనా సందు కనబడదు. చూసేవాళ్లు దాన్నీ ఫార్టీఫైవ్ అనే అనుకుంటారు.

ఎంత బాగా కలిపినా చెక్క ఊరుకోదు. అది పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. హైదరాబాద్ మే ఎండలకు, పైగా ఏసీ గాలికి, పట్టీ వెడల్పు తగ్గి కోణం పదునెక్కుతుంది. అప్పుడు మూల లోపలి కొస విచ్చుకుంటుంది. వానాకాలంలో వెడల్పు పెరిగి లోపలి కొసలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, బయటి కొస తెరుచుకుంటుంది. డిపో నుంచి తెచ్చిన టేకును వారం పది రోజులు బిగించబోయే గదిలోనే పడుకోబెట్టి, తర్వాత కోస్తే ఈ ఆట కొంత తగ్గుతుంది. అప్పగింత తేదీ తరుముతున్న సైట్లో ఆ వారం ఎవరూ ఇవ్వరు. గృహప్రవేశం నాడు గోటికి అందని సందు, పెద్దాయన ఆగస్టులో మళ్లీ వచ్చి గీరితే బయటి కొసన దొరకొచ్చు. వచ్చే మే నెలలో అయితే లోపలి కొసన వెతుక్కోవాలి.