కుందేలుకు బదులుగా పెంచిన చర్మము - ఒక విమర్శ

ఒక పదార్థము చర్మమునకు హాని చేయునా అని తెలిసికొనుటకు చిరకాలము కుందేళ్ళనే వాడిరి. 1944లో అమెరికాకు చెందిన జాన్ డ్రేజ్, ఆయన సహచరులు ప్రకటించిన పద్ధతి ఇది: కుందేలు రోమములను కత్తిరించి, పదార్థమును పూసి, కలిగిన ఎరుపునకు, వాపునకు 0 నుండి 4 వరకు మార్కులు వేయుదురు.

నేడు ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మము ఆ పనికి వచ్చినది. శస్త్రచికిత్సలో తీసివేసిన చర్మమునుండి కణములను వేరుచేసి పోషకద్రవములో పెంచుదురు. పైభాగమును గాలికి వదలినచో కణములు పొరలుగా ఏర్పడును. దానిపై పదార్థమును పూసి, కడిగి, 42 గంటలు ఉంచి, ఎం.టి.టి. అను పసుపుపచ్చని పదార్థమును చేర్చుదురు. బ్రతికిన కణములు దానిని ఊదారంగునకు మార్చును. పదార్థము పూయని చర్మముతో పోల్చినప్పుడు ఆ రంగు నూటికి 50 వంతులకు మించనిచో, పదార్థము చర్మమును రేపునదని నిర్ణయింతురు. ఆర్థిక సహకారాభివృద్ధి సంస్థ 2010లో ఈ పద్ధతిని ఆమోదించినది.

కాని దీని విలువను దేనితో కొలిచిరి? ముఖ్యముగా పాత కుందేలు ఫలితములతోనే! కుందేలు నమ్మదగిన సాక్షియా? 2010లో వెలువడిన ఒక పరిశోధనలో, కుందేలు చర్మమును రేపినవిగా ఎంచబడిన 16 రసాయనములను మనుష్యుల చర్మముపై పరీక్షింపగా, చెప్పుకోదగినంతగా రేపినవి 5 మాత్రమే. పెంచిన చర్మపు ఫలితములు కుందేలు ఫలితములకంటె మనుష్యుల ఫలితములకు దగ్గరగా నుండినవి. కాబట్టి కుందేలుతో ఏకీభవింపలేదని క్రొత్త పద్ధతిని తప్పుపట్టుట, తప్పుడు తూనికరాళ్ళతో త్రాసును పరీక్షించుట వంటిది.

అట్లని పొగడ్త హద్దు మీరరాదు. ఈ చర్మములో రక్తనాళములు లేవు, కనుక ఎరుపెక్కదు. నాడులు లేవు, దురద తెలియదు. సాధారణ నమూనాలలో రోగనిరోధక కణములును లేవు. అందుచే ఎలర్జీని గూర్చి ఇది సాక్ష్యమీయజాలదు. అది తేల్చుటకు వేరు పరీక్షలు కావలెను. పైగా కొన్ని ప్రయోగశాలలు కణములను పెంచుటకు దూడపిండముల రక్తమునుండి తీసిన సీరమును వాడుచున్నవి. అట్టిచోట జంతువులకు పూర్తిగా విముక్తి కలిగినదనుట సరికాదు.

భారతదేశము 2014లో సౌందర్యసాధనములను జంతువులపై పరీక్షించుటను నిషేధించినది. ఇది మెచ్చదగిన చర్య. ఐనను కరుణ ఒక్కటే పరీక్షను నమ్మదగినదిగా చేయజాలదు. పెంచిన చర్మము ఒక ప్రశ్నకు కుందేలుకంటె మేలైన సమాధానమిచ్చును. అన్ని ప్రశ్నలకు కాదు. ఏ పరీక్షను గూర్చి చదివినను, ఇది ఏ ప్రశ్నకు సమాధానము, దీనిని దేనితో సరిచూచిరి అని అడుగుట ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు నేర్పవలెను.